రాగా, ప్లాస్టిక్కా? గోడలో దాక్కున్న చరిత్ర

మొన్నామధ్య మా టీములో కుర్రాడొకడు శనివారం పొద్దున్నే ఫోన్ చేశాడు. ఇల్లు కొంటున్నాడు. 1988లో కట్టిన టౌన్‌హౌస్. ఇన్‌స్పెక్షన్ చేసినాయన రిపోర్టులో "బూడిదరంగు ప్లాస్టిక్ పైపులు ఉన్నాయి, మార్పించుకోవడం మంచిది" అని రాశాడట. పైపులన్నీ పీకించి కొత్తవి వేయించాలంటే ఎంతవుతుందో కనుక్కుని, గుండె చిక్కబట్టుకుని నాకు చేశాడు.

"అన్నా, మీ ఇంట్లో కూడా ఇదే గోల అయిందిగా. ఒక్క ముక్కలో చెప్పండి. రాగా, ప్లాస్టిక్కా?"

ఒక్క ముక్కలో చెప్పలేకపోయాను. "రేపు చెప్తాలే" అని పెట్టేశాను. రేపు కాస్తా వారమైంది. ఆ కుర్రాడికి చెప్పాల్సింది కాస్త ఎక్కువే ఉందని అర్థమై ఇది రాస్తున్నాను. మీలో ఎవరైనా పాత ఇల్లు కొన్నవాళ్ళో, కొనబోయేవాళ్ళో ఉంటే మీకూ పనికిరావచ్చు. లేకపోతే చరిత్ర అనుకుని చదువుకోండి, నష్టం లేదు.

ముందు నా కథ. వాషింగ్టన్ పక్కన మేరీలాండ్ శివార్లలో మాది 1986 నాటి ఇల్లు. 2010 ఉగాది రోజు. అమ్మానాన్నా ఇండియా నుంచి వచ్చి ఉన్నారు. వంటింట్లో అమ్మ మామిడికాయ తురుముతోంది. పైన సీలింగు మీద చారెడంత తడి మచ్చ కనిపించింది. పచ్చడి కలిపేలోపు అది చేటంతయింది. ఉగాది పూజ అయ్యేసరికి సీలింగు ముక్క ఒకటి ఊడి స్టవ్ మీద పడింది. పైన స్నానాలగది గోడలో బూడిదరంగు ప్లాస్టిక్ పైపు, దాని అతుకు దగ్గర చీలిపోయింది. దాన్ని చేత్తో పట్టుకుని కొంచెం వంచితే ఎండిన చెరుకుపిప్పిలా విరిగింది. ప్లంబరు ఆ ముక్క నా చేతిలో పెట్టి, దానిమీద అచ్చువేసిన "పీబీ2110" అన్న అక్షరాలు చూపించి, "ఇల్లంతా ఇదే ఉంది. ఇవాళ ఇక్కడ, రేపు ఇంకోచోట" అన్నాడు. ఇన్సూరెన్సు వాళ్ళు సీలింగుకి డబ్బులిచ్చారు గానీ, ఈ పైపులు ఉంటే వచ్చే ఏడాది పాలసీ ఇవ్వం అన్నారు.

ఆ రోజు ఒట్టు పెట్టుకున్నాను, జన్మలో ప్లాస్టిక్ జోలికి పోనని.

మా మిత్రుడొకాయన అదే కౌంటీలో, మాకు పావుగంట దూరంలో ఉంటాడు. ఆయనది 1960ల ఇల్లు, మొత్తం రాగి పైపులు. ఓదార్పు కోసం ఆయనకి ఫోన్ చేసి "మీరు అదృష్టవంతులు, రాగి వేసినవాళ్ళు మారాజులు" అన్నాను. ఆయన నవ్వాడు. 2002లో ఆయన ఇంటి బేస్‌మెంటులో చల్లనీళ్ళ రాగిపైపుకి సూది మొనంత రంధ్రం పడిందట. అతుకేయించాడు. నెల తిరక్కుండా ఇంకో రంధ్రం. నాలుగోది పడ్డాక విసుగెత్తి 2003లో ఇల్లంతా పీకించి ప్లాస్టిక్ వేయించాడు. "రాగి మాట ఎత్తకండి మాస్టారూ" అన్నాడు.

అదీ పరిస్థితి. ప్లాస్టిక్‌తో కాలినవాడు రాగి అంటాడు, రాగితో కాలినవాడు ప్లాస్టిక్ అంటాడు. ఇద్దరింటికీ వచ్చేది ఒకే సంస్థ సరఫరా చేసే నీళ్ళు!

ఇక మా నాన్న. ఆయనకి ఏ సందేహమూ లేదు. "రాగి చెంబులో నీళ్ళు తాగి పెరిగినవాడివిరా నువ్వు. రాగి వేయించు. ప్లాస్టిక్ గొట్టంలోంచి వచ్చే నీళ్ళు పిల్లదానికి తాగిస్తావా?" అని సతాయింపు. మా అమ్మాయికి అప్పుడు మూడేళ్ళు. ఆ మాట మాత్రం గుచ్చుకుంది. లీకయితే సీలింగు పోతుంది, డబ్బు పోతుంది. కానీ గోడలోంచి ఏ లోహం, ఏ రసాయనం పిల్ల గ్లాసులోకి వస్తోందో తెలియకపోతే ఎలా? అలా మొదలైంది నా చదువు. ప్రొడక్షన్‌లో సిస్టం కూలిపోతే లాగ్స్ తవ్వుకుంటూ పోతాం చూడండి, అలా వెనక్కి వెనక్కి పోయాను.

ఎంత వెనక్కి అంటే ఈజిప్టు దాకా. అబూసిర్‌లో సాహురే అనే ఫారో పిరమిడ్ పక్కన గుడి ఉంది. సుమారు 4,400 ఏళ్ళనాటిది. 1907-08లో లుడ్విగ్ బోర్‌హార్ట్ అనే జర్మన్ పురావస్తు శాస్త్రవేత్త అక్కడ తవ్వితే, రాగి రేకుని సుత్తితో కొట్టి గొట్టంలా చుట్టి, రాతికాలవలో పరిచిన మురుగునీటి పైపులు బయటపడ్డాయి. అంటే నాన్న పక్షానికి నాలుగువేల ఏళ్ళ పైచిలుకు రికార్డు ఉంది. కాకపోతే అవి మనుషులు తాగే నీళ్ళకి వేసినవి కావు.

తాగే నీళ్ళకి గొట్టాలంటే రోమన్లు. వాళ్ళు వాడింది సీసం. లాటిన్‌లో సీసాన్ని ప్లంబమ్ అంటారు, మన ప్లంబరు పేరు అక్కణ్ణుంచి వచ్చిందే. సీసం మెత్తన, వంచితే వంగుతుంది, సులభంగా కరుగుతుంది, అతకడం తేలిక. పనివాడికి ఇంతకంటే ఏం కావాలి? కానీ క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దంలోనే విట్రూవియస్ అనే రోమన్ ఇంజనీరు తన వాస్తు గ్రంథంలో మట్టిగొట్టాల నీళ్ళే ఆరోగ్యమని చెప్పాడు. సీసం పనిచేసేవాళ్ళ ముఖాలు పాలిపోయి ఉండటాన్ని సాక్ష్యంగా చూపించాడు. అంటే రెండువేల ఏళ్ళకిందటే బగ్ రిపోర్టు ఫైలయింది. దాన్ని ఎప్పుడు క్లోజ్ చేశారో చూడండి.

1900 నాటికి అమెరికాలో ముప్ఫైవేల జనాభా దాటిన పట్టణాల్లో నూటికి డెబ్బైకి పైగా సీసపు పైపులు వాడేవి. అప్పటికే డాక్టర్లు సీసం విషమని రాస్తున్నారు, కొన్ని ఊళ్ళు మానేస్తున్నాయి. 1928లో సీసం కంపెనీలన్నీ కలిసి ఒక సంఘం పెట్టుకున్నాయి. వాళ్ళ మనుషులు ఊరూరా తిరిగి ప్లంబర్లకీ, మునిసిపల్ అధికారులకీ నచ్చజెప్పి, నిబంధనల్లో సీసానికి చోటు పోకుండా చూశారు. షికాగోలో అయితే మెయిన్ నుంచి ఇంట్లోకి వచ్చే పైపు సీసందే అయి ఉండాలని నిబంధన. అది ఎప్పటిదాకా? 1986లో ఫెడరల్ చట్టం వచ్చి కొత్తగా సీసపు పైపులు వేయడాన్ని నిషేధించేదాకా. మా ఇల్లు కట్టిన సంవత్సరం అది! విట్రూవియస్ బగ్ రెండువేల ఏళ్ళు ఓపెన్‌లో ఉందన్నమాట.

నా మటుకు నాకు ఇందులో ముఖ్యం సీసం చెడ్డదని తెలుసుకోవడం కాదు, అది తెలిసిందే. ఏ పైపు వేయాలో చెప్పే పుస్తకం ఎవరి చేతిలో ఉందన్నది అసలు విషయం. ఇది తర్వాత ప్లాస్టిక్ దగ్గర మళ్ళీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

సీసం తర్వాత ఇనుము. 1837లో ఫ్రాన్సులో స్టానిస్లాస్ సొరెల్ అనే ఆయన ఇనుముకి జింకు పూత పూసే పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. అదే మన జీఐ పైపు. మన ఇళ్ళలో 1990ల దాకా రాజ్యమేలింది ఇదే కదా. తెనాలిలో మా ఇంట్లో జీఐ పైపే. పొద్దున కొళాయి తిప్పగానే మొదటి చెంబు ఎర్రగా వచ్చేది, ఆ చెంబు తులసికోటకి పోసేవాళ్ళం. బోరు ఉప్పునీళ్ళకి పదేళ్ళయ్యేసరికి పైపు లోపల తుప్పు బుడిపెలు కట్టి, పెన్సిలు కూడా దూరనంత సందు మిగిలేది. జింకు పూత అరిగేదాకా బాగానే ఉంటుంది. అరిగాక ఇనుము ఇనుమే. అమెరికాలోనూ ఇదే కథ, ఓ ముప్ఫయ్యేళ్ళు ముందు జరిగింది, అంతే.

1930ల నుంచి రాగి మెల్లగా రాజ్యానికొచ్చింది. సన్నటి గోడతో గొట్టం లాగడం, దాన్ని ఫిట్టింగులో దూర్చి టంకం కరిగిస్తే సందులోకి తనే పాక్కుంటూ పోయి అతుక్కోవడం, ఇదీ ఆ విద్య. యుద్ధం తర్వాత కట్టిన లక్షల ఇళ్ళలో ఇదే వేశారు. రాగి పైపులో మూడు రకాలుంటాయి. అన్నిటికంటే మందం కే, మధ్యరకం ఎల్, పలచనిది ఎమ్. పైపు మీద అచ్చు రంగుని బట్టి గుర్తుపట్టొచ్చు: ఆకుపచ్చ, నీలం, ఎరుపు. అరంగుళం పైపు తీసుకుంటే ఎల్ గోడ మందం అంగుళంలో వెయ్యింట నలభై వంతులు, ఎమ్‌ది ఇరవై ఎనిమిది. పైకి చూస్తే ఒకటే. "రాగి వేశామండీ" అని బిల్డరు గొప్పగా చెప్పినప్పుడు ఏ రాగి అని అడగాలి.

అన్నట్టు, ఆ టంకం దేంతో చేసేవారనుకున్నారు? సగం తగరం, సగం సీసం! రాగి పైపు వేసి సీసం బెడద వదిలిందనుకున్న ఇళ్ళలో ప్రతి అతుకులోనూ సీసం కూర్చుని ఉంది. 1986 చట్టమే దీన్నీ ఆపింది, రాష్ట్రాలన్నీ అమలు చేసేసరికి 1988. మా కుర్రాడి ఇంటికి ముందుకాలంలో రాగి వేసిన ఇళ్ళన్నిటికీ ఈ అనుమానం వర్తిస్తుంది.

సరే, మా మిత్రుడి సూదిరంధ్రాల సంగతికొద్దాం. ఆయన ఒక్కడికే కాదు. 2000 ప్రాంతం నుంచి మా నీటి సంస్థకి వేలల్లో ఫిర్యాదులొచ్చాయి. నలభై ఏళ్ళు నిక్షేపంగా ఉన్న రాగికి ఉన్నట్టుండి ఏమొచ్చింది? వర్జీనియా టెక్‌లో మార్క్ ఎడ్వర్డ్స్ అనే ప్రొఫెసరు ఇలాంటి రంధ్రాల మీద చాలా పనిచేశాడు. ఆయన బృందం ఇచ్చిన వివరణ తేలిక మాటల్లో ఇదీ. నీళ్ళని ఇంకా శుభ్రంగా చేయాలని కొత్త నిబంధనలొచ్చాయి. క్లోరిన్‌తో కలిసి హానికర పదార్థాలు తయారుచేసే ఆకుల, మట్టి తాలూకు సేంద్రియాన్ని నీళ్ళలోంచి తీసేయడం పెరిగింది. ఆ సేంద్రియమే అప్పటిదాకా రాగి మీద కొంత కాపలా కాసేదట. అది పోయాక క్లోరిన్, అల్యూమినియం అవశేషాలు, నీటి క్షారగుణం మూడూ కలిసి రాగిని చుక్కలు చుక్కలుగా తినగలవు. 2003లో మా సంస్థ నీళ్ళలో ఆర్థోఫాస్ఫేట్ కలపడం మొదలుపెట్టింది. అది పైపు లోపలి గోడకి సన్నటి పొరలా అంటుకుని కాపాడుతుంది. మా మిత్రుడు పైపులు పీకించిందీ ఆ సంవత్సరమే. అదృష్టం అలా ఉంటుంది ఒక్కోసారి.

ఇదే కాలంలో మాకు అరగంట దూరంలో వాషింగ్టన్ నగరంలో ఇంకో కథ నడిచింది. 2000 నవంబరులో అక్కడి నీళ్ళలో క్లోరిన్ బదులు క్లోరమైన్ వాడటం మొదలుపెట్టారు. ఉద్దేశం మంచిదే. కానీ అన్నేళ్ళూ క్లోరిన్ వల్ల సీసపు పైపుల లోపల ఒక గట్టి పొర కట్టి ఉంది. క్లోరిన్ పోగానే ఆ పొర కరగడం మొదలై సీసం కొళాయిల్లోకి వచ్చింది. జనానికి గట్టిగా తెలిసింది 2004 జనవరిలో పత్రిక రాసినప్పుడు. ఆ ఆగస్టులో ఆర్థోఫాస్ఫేట్ కలిపారు. మళ్ళీ పదేళ్ళకి, 2014 ఏప్రిల్‌లో, మిషిగన్‌లో ఫ్లింట్ నగరం ఖర్చు తగ్గించుకోవాలని డెట్రాయిట్ నీళ్ళు మానేసి ఫ్లింట్ నది నీళ్ళకి మారింది. పైపుల్ని కాపాడే ఫాస్ఫేట్ కలపడం మానేశారు. ఆ అక్టోబరులో జనరల్ మోటార్స్ వాళ్ళు తమ ఇంజన్ల భాగాలు తుప్పుపడుతున్నాయని ఆ నీళ్ళు వద్దనుకున్నారు. ఊళ్ళో పిల్లలు మాత్రం ఇంకో ఏడాది తాగారు. 2015 అక్టోబరులో గానీ వెనక్కి మార్చలేదు.

మన భాషలో చెప్పాలంటే, సర్వరు వైపు వర్షన్ మార్చేశారు, క్లయింట్లకి చెప్పలేదు. పాత క్లయింట్లన్నీ గోడల్లో సిమెంటు చేసి ఉన్నాయి.

ఇక నా బూడిద పైపు. పేరు పాలీబ్యుటిలీన్. 1970ల చివరి నుంచి 1990ల నడిమి దాకా అమెరికాలో లక్షల ఇళ్ళలో వేశారు. చౌక, తేలిక, చేత్తో వంగుతుంది, చలికి నీళ్ళు గడ్డకట్టినా తొందరగా పగలదు. టంకం మంట అక్కర్లేదు. ప్లాస్టిక్ ఫిట్టింగు దూర్చి అల్యూమినియం రింగు నొక్కితే అయిపోయింది. మరి పరీక్షించకుండా వేశారా? పరీక్షించారు. ప్లాస్టిక్ పైపులకి పద్ధతేమిటంటే, నీటి ఒత్తిడిలో సుమారు 10,000 గంటలు ఉంచి, వచ్చిన పాయింట్ల మీద గీత గీసి, ఆ గీతని 1,00,000 గంటలకి పొడిగించి అక్కడ ఎంత బలం ఉంటుందో లెక్కకట్టడం. 10,000 గంటలంటే పద్నాలుగు నెలలు. 1,00,000 అంటే పదకొండేళ్ళ పైన. లెక్క తప్పు కాదు, అది కొలిచేది ఒత్తిడిని. మన కొళాయిలో వచ్చే క్లోరిన్ ఆ పరీక్షలో లేదు. ఆ క్లోరిన్ ఏళ్ళ తరబడి లోపలి గోడని, ఫిట్టింగుల్ని ఆక్సీకరణ చేసి పెళుసుగా మార్చింది. అంటే లోడ్ టెస్ట్ చేశారు, ప్రొడక్షన్ డేటాతో మాత్రం చేయలేదు. అసలు పరీక్ష మా ఇళ్ళలో జరిగింది.

వ్యాజ్యాలు నడిచాయి. 1995లో టెనెసీ కోర్టులో కాక్స్ వర్సెస్ షెల్ అనే కేసులో 95 కోట్ల డాలర్ల సెటిల్‌మెంటు కుదిరింది. బాధితులకి పైపులు ఉచితంగా మార్చారు. నేను ఆశగా వెతికితే, క్లెయిము పెట్టుకునే గడువు 2009లోనే ముగిసిందని తేలింది. మా సీలింగు పడింది 2010లో. చెప్పాను కదా, అదృష్టం అలా ఉంటుందని.

పాలీబ్యుటిలీన్ పోయాక బరిలో మిగిలినవి రెండు ప్లాస్టిక్కులు. ఒకటి సీపీవీసీ. మామూలు పీవీసీకి ఇంకాస్త క్లోరిన్ ఎక్కిస్తే వేడినీళ్ళకి తట్టుకుంటుంది. ఇప్పుడు హైదరాబాదులో, విజయవాడలో ఏ అపార్టుమెంటు చూసినా స్నానాలగదిలో పసుపుచాయ గొట్టాలు, అవే. రెండోది పెక్స్. 1960ల చివర్లో జర్మనీలో థామస్ ఎంగెల్ అనే ఆయన పాలీఇథిలీన్ గొలుసుల్ని ఒకదానికొకటి ముడివేసే పద్ధతి కనిపెట్టాడు. స్వీడన్‌లో 1972లో పైపుల తయారీ మొదలైంది. అమెరికాలో ఇళ్ళ నీళ్ళకి బాగా వ్యాపించింది 1990ల తర్వాతే.

ఇక్కడ మళ్ళీ పుస్తకం ఎవరి చేతిలో అన్న ప్రశ్న. కాలిఫోర్నియాలో ఈ ప్లాస్టిక్కులని రాష్ట్ర నిబంధనల్లో చేర్చడానికి 2000ల చివరిదాకా పట్టింది. అడ్డుపడ్డవాళ్ళలో ప్లంబర్ల యూనియన్లు ముందున్నాయి. రాగి టంకం నేర్చినవాడి పని, పెక్స్ రింగు ఎవడైనా నొక్కగలడు అన్న భయం అందులో ఉందని అనుకోకుండా ఉండలేం. కానీ వాళ్ళు లేవనెత్తిన ప్రశ్నలన్నీ ఉత్తివని కొట్టేయలేం కూడా. కొత్త పెక్స్ పైపులోంచి మొదట్లో కొన్ని రసాయనాలు నీళ్ళలోకి దిగి వాసన వస్తుందన్నది నిజం. 2017లో శాంటారోజాలో, 2018లో పారడైజ్ ఊళ్ళో కార్చిచ్చుల తర్వాత నీళ్ళలో బెంజీన్ బయటపడింది. కాలిన ప్లాస్టిక్ పైపులు దానికి ఒక కారణమని తేలింది. స్వార్థంతో అడిగినా ప్రశ్న ప్రశ్నే.

మన దగ్గర ఇంకో విచిత్రం. సీసాన్ని వదిలించుకోవడానికి ప్లాస్టిక్‌కి వచ్చామా, ఆ పీవీసీ తయారీలో వేడికి చెడకుండా ఉండటానికి సీసం సమ్మేళనాలే కలిపేవారు. దాన్ని క్రమంగా తొలగించాలని కేంద్రం నిబంధనలు తెచ్చింది 2021లో.

ఇవన్నీ చదివి బుర్ర వేడెక్కి, ఒక రాత్రి నాన్న దగ్గర కూర్చున్నాను.

"తేల్చావా?" అన్నాడు.

"లేదు నాన్నా. ఏది చూసినా ఏదో ఒకటి ఉంది."

"అందుకే చెప్తున్నా, రాగి వేయించు. మా అమ్మ రోజూ రాగి బిందెలో నీళ్ళు నిలవపెట్టేది. ఎవరికీ ఒక్క రోగం లేదు."

ఎందుకో నోట్లోంచి వచ్చేసింది. "మరి నాయనమ్మ రాగి బిందెలో మజ్జిగ పోసేదా?"

నాన్న నన్ను పిచ్చివాడిలా చూశాడు. "మజ్జిగా? చిలుమెక్కి వాంతులవుతాయి. ఎవరైనా పోస్తారా? ఇత్తడి గిన్నెలో పులుసు కాయాలన్నా కళాయి వేయించాల్సిందే. ఏడాదికోసారి కళాయి పెట్టేవాడు వీధిలోకి వచ్చేవాడు, కొలిమి పెట్టి, నవాసాగరం చల్లి తగరం పూసేవాడు. పూత అరిగిందంటే అమ్మ ఆ గిన్నె పొయ్యి ఎక్కించేది కాదు."

అంతే. నాలుగు వారాల చదువు సారం నాయనమ్మ వంటింట్లో ఉంది. ఏ గిన్నె మంచిది అని ఆవిడ ఎప్పుడూ అడగలేదు. ఏ గిన్నెలో ఏది పోయాలి, మధ్యలో పూత ఉందా లేదా అని చూసుకుంది. నీళ్ళకి రాగి, మజ్జిగకి మట్టి, పులుసుకి కళాయి. నీళ్ళలో కలిపే ఆర్థోఫాస్ఫేట్ ఊరంతటి పైపులకీ వేసే కళాయి. ఫ్లింట్‌లో చేసిందేమిటి? కళాయి మానేసి పులుసు పోశారు. నా పాలీబ్యుటిలీన్‌కి క్లోరిన్ పులుసయింది. మిత్రుడి రాగికి మారిన నీళ్ళు పులుసయ్యాయి.

రాగి బిందె నమ్మకం ఒట్టిది కాదు కూడా. 2012లో బెంగుళూరు పరిశోధకులు కలుషిత నీళ్ళు రాగికుండలో 16 గంటలు ఉంచి చూస్తే విరేచనాలు కలిగించే బాక్టీరియా చచ్చిపోయింది. కానీ బిందెలో నీళ్ళు రాత్రంతా నిలుస్తాయి, ఆ బిందెని నాయనమ్మ రోజూ చింతపండుతో తోమేది. గోడలో పైపుని ఎవరు తోముతారు?

ఏతావాతా, మర్నాడు నేను చేసిన మొదటి పని ప్లంబరుకి ఫోన్ కాదు. మా నీటి సంస్థ ఏటా ఇచ్చే నాణ్యత నివేదిక చదవడం. క్లోరినా క్లోరమైనా, పీహెచ్ ఎంత, ఫాస్ఫేట్ కలుపుతున్నారా, సీసం, రాగి ఎంత. అమెరికాలో 1991 నిబంధన ప్రకారం సీసం బిలియన్‌కి 15 వంతులు, రాగి లీటరుకి 1.3 మిల్లీగ్రాములు దాటితే సంస్థ చర్య తీసుకోవాలని పెట్టారు. మా నీళ్ళు ఆ లోపే ఉన్నాయి, కళాయి ఉంది. అంటే ఎల్ రకం రాగి కూడా బతుకుతుంది, మంచి పెక్స్ కూడా బతుకుతుంది. అప్పుడు ధర. రాగి 2002 ప్రాంతంలో టన్ను పదిహేను, పదహారు వందల డాలర్లుండేది. 2010కి ఏడెనిమిది వేలయింది. నాకొచ్చిన రెండు కొటేషన్లలో రాగిది పెక్స్‌కి దాదాపు రెట్టింపు. ఒట్టు గట్టున పెట్టి పెక్స్ వేయించాను. హీటరు దగ్గర మాత్రం రాగి.

పాలీబ్యుటిలీన్ గుణపాఠం తర్వాత పెక్స్‌కి వేడి క్లోరిన్ నీళ్ళతో విడిగా పరీక్ష పెట్టారు. పైపు మీద నాలుగంకెల కోడ్ అచ్చు ఉంటుంది. మొదటి అంకె క్లోరిన్ తట్టుకునే శక్తి. సున్నా అంటే పరీక్షించలేదని, 5 అంటే అన్నిటికంటే గట్టిదని. రెండో అంకె ఎండకి ఎన్నాళ్ళు ఆగుతుందో చెబుతుంది. నేను 5తో మొదలయ్యేదే కావాలని పట్టుబట్టాను. ఫిట్టింగులు కూడా అడిగాను, ఎందుకంటే జింకు ఎక్కువున్న ఇత్తడి ఫిట్టింగుల్లోంచి జింకు కరిగిపోయి పెక్స్ వ్యవస్థలు కారిన కేసులున్నాయి. పైపు బావుండి అతుకు చెడటం పాత కథే. మన ప్రోగ్రాముల్లోనూ అంతే కదా, మాడ్యూళ్ళు విడివిడిగా బానే ఉంటాయి, ఇంటర్‌ఫేస్ దగ్గర కొంప మునుగుతుంది. పని అయ్యాక వారంరోజులు నీళ్ళు బాగా వదిలేశాం. తాగేవి, పిల్ల పాలకి వాడేవి ఫిల్టరు నీళ్ళు.

పదిహేనేళ్ళు దాటింది. ఇంతవరకు చుక్క కారలేదు. దీన్ని రుజువు అనను. మా పాలీబ్యుటిలీన్ కూడా ఇరవై నాలుగేళ్ళు కారలేదు.

నాన్న ఇప్పుడు లేరు. ఆయన తెచ్చిన రాగి చెంబు వంటింట్లో ఉంది. రాత్రి నీళ్ళు పోసి పెడతాం, పొద్దున తాగుతాం, చింతపండుతో తోముతాం.

కాబట్టి తమ్ముడూ, నీ ప్రశ్నకి ఒక్క ముక్క జవాబు లేదు గానీ, చేయాల్సిన పనులు నాలుగున్నాయి. ఆ బూడిద పైపులు మార్పించు, దానికి రెండో ఆలోచన వద్దు, ఆ ఖర్చు ఇంటి ధరలో తగ్గించమని అడుగు. మీ నీటి నివేదిక తెప్పించి చదువు. రాగి అంటే ఏ రకమో, పెక్స్ అంటే ఏ కోడో, ఫిట్టింగు ఏ లోహమో రాతపూర్వకంగా తీసుకో.

నాలుగోది. పని అయ్యాక మా హీటరు గది తలుపు లోపల నేనొక కాగితం అంటించాను. ఏ సంవత్సరం వేశాం, ఏ పైపు, దానిమీద అచ్చు ఏమిటి, ఫిట్టింగులు ఏవి, అప్పుడు నీళ్ళలో ఏం కలుపుతున్నారు, గోడలు మూయకముందు తీసిన ఫోటోలు ఎక్కడున్నాయి. దాని పక్కనే ఆ పీబీ2110 ముక్క కూడా దారం కట్టి వేలాడదీశాను. 1986లో మా ఇల్లు కట్టినవాడు అలాంటి కాగితం ఒక్కటి పెట్టి ఉంటే, 1995లోనో 2005లోనో ఆ ఇంట్లో ఉన్నవాళ్ళు చూసుకునేవాళ్ళు, ముందే మార్పించుకునేవాళ్ళు. నువ్వూ ఒకటి అంటించు. నీ తర్వాత ఆ ఇల్లు కొనేవాడు ఎవరో నీకు తెలియదు. వాడింట్లోనూ ఒక మూడేళ్ళ పిల్ల ఉండొచ్చు.